ఉద్యోగం దొరకలేదు, సొంత ప్రాక్టీసు పెట్టనా?

ప్రశ్న: లా పూర్తిచేసి, లాయరుగా ఎన్‌రోల్ అయి రెండేళ్ళు దాటింది. ఒక సంస్థలో ఏడాదికి పైగా పనిచేశాను. పని తగ్గిందంటూ కొత్తగా చేరినవాళ్ళందరినీ తీసేశారు. అప్పటినుంచి దరఖాస్తులు పెడుతూనే ఉన్నాను. చాలాచోట్ల జవాబే లేదు. జవాబిచ్చినవాళ్ళు "ఇప్పుడు ఎవరినీ తీసుకోవడం లేదు" అంటున్నారు. నాన్నగారు "ఎన్నాళ్ళని ఎదురుచూస్తావు, నీ పేరుతో నువ్వే ఆఫీసు పెట్టుకో" అంటున్నారు. మావారు మాత్రం మార్కెట్ కుదుటపడేదాకా ఆగమంటున్నారు. నాతో చదివిన స్నేహితురాలు ఇద్దరం కలిసి గది తీసుకుందాం, అద్దె చెరిసగం, బోర్డు మీద ఇద్దరి పేర్లూ వేద్దాం అంటోంది. నా దగ్గర ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బుంది. నా భయం డబ్బు గురించి మాత్రమే అయితే ఇంత ఆలోచించేదాన్ని కాదు. సంస్థలో నేను చేసింది ఎక్కువగా ఒప్పందాలు చదవడం, సీనియర్లకు తీర్పులు వెతికిపెట్టడం. ఒక్కదాన్నే క్లయింటు ముందు కూర్చుని తప్పు సలహా ఇస్తానేమోనని టెన్షన్. పైగా, తర్వాత ఎప్పుడైనా ఉద్యోగానికి వెళితే "ఏమీ దొరక్క పెట్టుకుంది" అనుకోరా?

— పేరు వేయవద్దన్న పాఠకురాలు

సమాధానం:

మొదలుపెట్టండి. గది అద్దె ఒప్పందం మీద మాత్రం ఇప్పుడే సంతకం పెట్టకండి. బోర్డు, కుర్చీలు, గాజు తలుపు లాంటి వాటికోసం మీ ఆరు నెలల డబ్బులో ఒక్క నెలది కూడా పోకూడదు.

మీ ఉత్తరంలో నాన్నగారి మాట, మీవారి మాట, స్నేహితురాలి మాట ముందు వచ్చాయి. అసలు సంగతి చివర్లో ఉంది: తప్పు సలహా ఇస్తానేమోనన్న భయం. అది ఉండాల్సిన భయమే. దాన్ని పోగొట్టుకోమని నేను చెప్పను. ఉద్యోగం మనకు మూడు ఇస్తుంది. ఒకటి జీతం. రెండోది పని, అంటే మనం వెతుక్కోనక్కర్లేకుండా బల్ల మీదికి వచ్చే ఫైళ్ళు. మూడోది, మనం రాసింది చదివి, అడ్డంగా గీతలు కొట్టి, "ఇది కోర్టులో వేస్తే పరువు పోతుంది" అని మొహం మీదే చెప్పే మనిషి. సొంత ప్రాక్టీసు పెట్టేవాళ్ళంతా మొదటి రెండిటి గురించే లెక్కలు వేసుకుంటారు. మూడోదాని విలువ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తెలియదు, ఎందుకంటే అది ఎక్కువగా తిట్ల రూపంలో వస్తుంది. మీరు ముందు సంపాదించుకోవలసింది ఆ మనిషిని. గది ఆ తర్వాత, బోర్డు ఆ తర్వాత, మొదటి క్లయింటు కూడా ఆ తర్వాతే.

అబ్రహాం లింకన్ లా కాలేజీ మొహం చూడకుండానే, పుస్తకాలు తెచ్చుకుని చదివి వకీలయ్యాడని అందరూ చెప్పుకుంటారు. ఆ తర్వాత జరిగింది చెప్పేవాళ్ళు తక్కువ. 1837లో ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జాన్ స్టువర్ట్ దగ్గర జూనియర్ భాగస్వామిగా చేరాడు. 1841లో స్టీఫెన్ లోగన్ దగ్గరికి మారాడు. లోగన్ చాలా పద్ధతైన లాయరు. కోర్టుకు వెళ్ళేముందే కేసును ఆమూలాగ్రం తయారుచేసుకునే అలవాటు లింకన్‌కు ఆయన దగ్గరే గట్టిపడింది. 1844లో గానీ విలియం హెర్న్‌డన్‌ను జూనియర్‌గా తీసుకుని సొంత ఆఫీసు తెరవలేదు. అంత తెలివైనవాడికీ ఏడేళ్ళపాటు పైన ఒకరున్నారు. మీకు ఏడాది దొరికింది, అదీ గ్రంథాలయంలో గడిచింది. మిగిలిన కొరత జీతం లేకుండా ఎలా తీర్చుకోవాలన్నదే ఇప్పుడు ప్రశ్న.

పేరుమోసిన సీనియర్ల వెంట పడకండి. వాళ్ళకు మీ కాగితం చదివే తీరిక ఉండదు, మీకు వాళ్ళను గట్టిగా అడిగే చొరవ ఉండదు. ఎనిమిది పదేళ్ళు సొంతంగా చేసి, కొత్తలో ఎక్కడెక్కడ కాలు జారుతుందో ఇంకా మరిచిపోని మనిషిని చూసుకోండి. "నన్ను గైడ్ చేయండి సార్" అని అడిగితే ఎవరైనా సరేనంటారు, ఆ తర్వాత ఏమీ జరగదు. "నెలకు రెండుసార్లు, అరగంట, నేను రాసిన రెండు కాగితాలు చూసి గీతలు కొడతారా? బదులుగా మీ కేసుల్లో తీర్పులు వెతికిపెడతాను, మీరు రెండు కోర్టుల్లో ఉండాల్సిన రోజు ఒకచోట నేను నిలబడతాను" అని అడగండి. ఇలా లెక్కగా అడిగితే ఒప్పుకునేవాళ్ళు మీరనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు. డబ్బు తీసుకుని చూస్తానంటే డబ్బే ఇవ్వండి, గది అద్దెకంటే అది మంచి ఖర్చు. రెండు జాగ్రత్తలున్నాయి. క్లయింటు కాగితాలు బయటి లాయరుకు చూపించాలంటే క్లయింటు ఒప్పుకోవాలి, లేదా పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేయాలి. అంతకంటే ముందు, ఆయన ఎదుటి పక్షానికి లాయరు కాదని తేల్చుకోవాలి.

ఆ అరగంటల మధ్య కాలంలో చేసుకోగల పని కూడా ఉంది. ముగిసిపోయిన కేసుల్లో మంచి లాయర్లు వేసిన దావాలు, జవాబులు సంపాదించి చదవండి. చదివి ఊరుకోకండి. అవే వాస్తవాలతో మీరొకటి రాసి, వాళ్ళది పక్కన పెట్టి చూడండి. వాళ్ళు ఏం రాయకుండా వదిలేశారో గమనించండి, నేర్చుకోవలసింది ఎక్కువగా అక్కడే ఉంటుంది. కోర్టులు చాలావరకు బహిరంగంగానే నడుస్తాయి కాబట్టి వారంలో ఒక పూట పని లేకపోయినా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చోండి. ఏ న్యాయమూర్తి ఏ కాగితం లేకపోతే విసుక్కుంటారో, గుమాస్తా ఏ తప్పుకు ఫైలు వెనక్కి తిప్పుతాడో పుస్తకాల్లో దొరకదు.

ఈ రోజుల్లో ఇంకో మాట కూడా చెప్పాలి. పక్కన సీనియర్ లేని లాయరు రాత్రిపూట కంప్యూటర్‌నే సీనియర్ చేసుకుంటాడు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక విమాన సంస్థ మీద కేసులో, చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమని నమ్మి ఉదహరించినందుకు ఇద్దరు లాయర్లకూ వాళ్ళ సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. వాళ్ళలో ఒకాయనకు 30 ఏళ్ళు పైబడిన అనుభవం. ముసాయిదాకు వాడుకుంటే వాడుకోండి గానీ, ఉదహరించే ప్రతి తీర్పునూ అసలు చోట తెరిచి, పేరా నంబరుతో సహా మీ కళ్ళతో చదవండి. తీర్పులు వెతకడం మీకు వచ్చిన విద్యే, మీలాంటివాళ్ళకు ఇది బరువు కాకూడదు.

ఇక పని ఎక్కడినుంచి వస్తుందన్న సంగతి. మొదటి ఏడాది మీ క్లయింట్లు మామూలు జనం కారు, ఇతర లాయర్లే. ఇది చిన్నతనమని చాలామంది అనుకుంటారు. 1891లో ఇంగ్లండులో బారిస్టరై వచ్చిన గాంధీ బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోట మాట రాక కూర్చుండిపోయి, తీసుకున్న 30 రూపాయల ఫీజు తిరిగిచ్చేసిన కథ అందరికీ తెలుసు. తర్వాత ఆయన బతికిందెలాగో చూడండి. రాజ్‌కోట్ వెళ్ళి అర్జీలు, మహజర్లు రాసిపెట్టాడు. నెలకు సుమారు 300 రూపాయలు వచ్చేవి. ఆ పని ఆయన ప్రతిభ చూసి వచ్చింది కాదు. అన్నగారి భాగస్వామి అయిన వకీలుకు ప్రాక్టీసు బాగా ఉండేది. ఆయన పెద్ద కేసుల అర్జీలు పెద్ద బారిస్టర్లకు పంపి, బీద క్లయింట్లవి గాంధీకి ఇచ్చేవాడు. 1893లో దక్షిణాఫ్రికా ప్రయాణం వచ్చిపడేదాకా ఇలాగే గడిచింది.

మీరూ అలాంటి పనే అడగండి. చేతినిండా కేసులున్న లాయరుకు ఎప్పుడూ మూడు పనులు మిగిలిపోయి ఉంటాయి: రాయాల్సిన నోటీసు, చదవాల్సిన లావుపాటి ఫైలు, వెళ్ళలేని వాయిదా. వాళ్ళ దగ్గరికి రెజ్యూమె పట్టుకుని వెళితే అది ఉద్యోగం అడిగినట్టవుతుంది, లేదనేస్తారు. "ఫలానా రకం కాగితాలు రెండు రోజుల్లో రాసిస్తాను, ఒక్కోదానికి ఇంత" అంటే అది పని, ఆలోచిస్తారు. పని పంపినందుకు వాటా అడిగేవాళ్ళు తగులుతారు. బొంబాయిలో ఉండగా దళారులకు కమిషన్ ఇవ్వనని మొండికేసిన గాంధీ కూడా రాజ్‌కోట్‌లో అన్నగారి మాట తీసేయలేక ఒప్పుకోవలసి వచ్చింది. కేసు తెచ్చినందుకు వాటా ఇవ్వడాన్ని వృత్తి నియమాలు కొన్నిచోట్ల పూర్తిగా నిషేధిస్తాయి, కొన్నిచోట్ల షరతులు పెడతాయి. మీరున్నచోట నియమం ఏమిటో ముందే చదివి పెట్టుకోండి, ఎవరో అడిగినప్పుడు కాదు. లాయరు కాని దళారికైతే నియమం చదవకముందే వద్దనండి. వాడు ఇవాళ మీకు తెచ్చిన కేసును రేపు ఇంకొకరికి అమ్ముతాడు.

బీదవాళ్ళకు ప్రభుత్వ ఖర్చుతో లాయరును పెట్టే పథకాలు చాలా దేశాల్లో ఉన్నాయి. వాటి జాబితాలో పేరు నమోదు చేయించుకోండి. ఫీజు తక్కువే, అది కూడా ఆలస్యంగా వస్తుంది. కానీ నోరు తెరిచి వాదించే అవకాశం మీకు అంత త్వరగా మరోచోట రాదు. దీన్ని కొత్తవాళ్ళ ప్రయోగశాల అనుకునే లాయర్లున్నారు, వాళ్ళలో చేరకండి. సరిగా తయారుకాకుండా నిలబడితే జైలుకు పోయేది మీరు కాదు.

ఏ రకం కేసులు తీసుకోవాలో మీరు అడగలేదు, కానీ అడగాల్సింది. 'అన్ని రకాల కేసులు చూడబడును' అన్న బోర్డు చూస్తే నాకు ఒక్కటే అర్థమవుతుంది, ఆ లాయరుకు ఇంకా ఏ కేసులూ లేవని. అన్నీ తీసుకుంటే ప్రతి కేసూ మీకు మొదటి కేసే అవుతుంది. మార్కెట్ పడిపోయినప్పుడు లాయర్ల పని మొత్తంగా తగ్గిపోదు, ఒకచోటినుంచి ఇంకోచోటికి జరుగుతుంది. 2008 సంక్షోభం తర్వాత కంపెనీల విలీనాలు, ఆస్తుల కొనుగోళ్ళు కుంటుపడి పెద్ద సంస్థలు కొత్తవాళ్ళను తీసుకోవడం మానేశాయి. అదే కాలంలో అమెరికాలో దివాలా అర్జీలు పెరుగుతూ పోయి 2010లో 15 లక్షలు దాటాయి. ఉద్యోగాలు పోయినప్పుడు తొలగింపు తగాదాలు, రాని బాకీలు, కట్టలేని అద్దెలు, చీలిపోయే చిన్న భాగస్వామ్యాలు, వాటితోపాటు కుటుంబ కలహాలు, ఇవన్నీ పెరుగుతాయి. వీటిలో డబ్బున్న పక్షం ఒకటి, లేని పక్షం ఒకటి ఉంటాయి. మీ దగ్గరికి ముందు వచ్చేది డబ్బు లేని పక్షమేనని గుర్తుంచుకుని లెక్క వేసుకోండి.

మీ విషయంలో నాకు ఒక దారి స్పష్టంగా కనిపిస్తోంది. మీరు ఒప్పందాలు చదివారు. సంస్థ తీసేసినప్పుడు మీ చేతికీ ఏవో కాగితాలిచ్చి సంతకం పెట్టమనే ఉంటారు. ఇప్పుడు అలాంటి కాగితం పట్టుకుని, "ఇందులో సంతకం పెడితే నాకు ఏం పోతుంది?" అని అడగడానికి మనిషి దొరక్క తిరుగుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. తుది పరిష్కారం పేరుతో ఇచ్చే కాగితం, పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు, రావలసిన బకాయిలు. అటువైపు, లాయరును జీతానికి పెట్టుకోలేని చిన్న వ్యాపారులు సరఫరాదారుడు ఇచ్చిన ఒప్పందాన్ని చదవకుండానే సంతకం చేస్తున్నారు. ఈ రెండూ మీ పాత పనికి దగ్గరివి. కోర్టు మెట్లెక్కకుండా, రోజుల్లో లేదా వారాల్లో తేలిపోతాయి. త్వరగా తేలే పని కావడం మీకెందుకు ముఖ్యమో కింద చెబుతాను. ఒక్క జాగ్రత్త: మీ పాత సంస్థ మీదికి, దాని క్లయింట్ల మీదికి వెళ్ళే కేసు వస్తే తీసుకోకండి. అక్కడ తెలిసిన రహస్యాలు ఉద్యోగంతో పాటు తుడిచిపెట్టుకుపోవు.

ఫీజు దగ్గర కొత్తవాళ్ళు రెండు రకాలుగా మోసపోతారు. తక్కువ తీసుకుంటే జనం వస్తారనుకోవడం ఒకటి. తక్కువ ఫీజుకు వచ్చినవాళ్ళు ఇంకా తక్కువకు దొరికినచోటికి వెళతారు, వెళుతూ తమలాంటివాళ్ళనే మీ దగ్గరికి పంపుతారు. రెండోది, పనంతా అయ్యాక అడుగుదామనుకోవడం. గెలిచిన క్లయింటుకు తన కేసు మొదటినుంచీ గట్టిదే అనిపిస్తుంది, ఓడినవాడి సంగతి చెప్పనక్కర్లేదు. లాయర్ల కోసం రాసుకున్న నోట్సులో లింకన్ దీనికి రెండో కొస కూడా చెప్పాడు: ఫీజంతా ముందే చేతికొస్తే ఆ కేసు మీద శ్రద్ధ నిలవడం మామూలు మనిషికి కష్టమని. అందుకే పనిని దశలుగా విడగొట్టండి. కాగితాలు చదివి అభిప్రాయం చెప్పడానికి ఇంత, నోటీసుకు ఇంత, దావా వేయడానికి ఇంత, సాక్ష్యానికి ఇంత. ప్రతి దశ ఫీజూ ఆ దశ మొదలయ్యేముందు తీసుకోవాలి. గంటల లెక్కన వసూలు చేయకండి. ఒక పని మీకు పది గంటలు పడితే అందులో ఆరు మీరు నేర్చుకున్న గంటలు, వాటికి క్లయింటు ఎందుకివ్వాలి? గెలిస్తేనే ఫీజు అన్న బేరం అమెరికాలో ప్రమాద పరిహారం కేసుల్లో మామూలే గానీ క్రిమినల్ కేసు వాదించడానికి అక్కడ కూడా కుదరదు. భారతదేశంలో బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని అసలే ఒప్పుకోవు. చట్టం ఒప్పుకున్నచోటైనా ఆరు నెలల డబ్బుతో మొదలుపెట్టినవాళ్ళకు అది పనికిరాదు.

ఇవన్నీ ఒక పేజీలో రాసి క్లయింటు చేత సంతకం పెట్టించుకోండి. ఏం చేస్తారో ఎంత వివరంగా రాస్తారో, ఏం చేయరో అంతే వివరంగా రాయండి. "నోటీసు వరకే నా పని, దావా వేయాలంటే వేరే మాట్లాడుకుందాం" అన్న వాక్యం లేకపోవడం వల్ల దావా గడువు దాటిపోయి, తప్పు లాయరు మీదికి వచ్చిన సందర్భాలుంటాయి. చుట్టాల దగ్గర కాగితం పెట్టడం మొహమాటమే. అయినా పెట్టండి. ఫీజు మాఫీ చేసినా సరే, పెట్టండి. బంధువుల ఆస్తి తగాదాలో ఇద్దరూ మీకు కావలసినవాళ్ళే అవుతారు, ఇద్దరూ విడివిడిగా ఫోన్ చేసి "ఊరికే ఒక మాట" అడుగుతారు. మొదటి మాటకు జవాబివ్వగానే రెండోవాళ్ళ దృష్టిలో మీరు ఎదుటి పక్షం. కాగితం చూడకుండా ఫోన్లో సలహా చెప్పనని పెళ్ళిలో అయినా సరే చెప్పగలగాలి.

ఎవరిని కాదనాలో తెలియడం ఎవరిని తీసుకోవాలో తెలియడంకంటే త్వరగా నేర్చుకోవాల్సిన పని. మీ ముందు ముగ్గురు లాయర్లను మార్చి, ముగ్గురినీ తిట్టే మనిషికి నాలుగో లాయరు మీరు, ఐదో లాయరు దగ్గర తిట్లు తినేదీ మీరే. "డబ్బు ముఖ్యం కాదండీ, నాకు న్యాయం కావాలి" అనేవాళ్ళలో మొదటి దశ ఫీజు ఇచ్చేదాకా నిలబడేవాళ్ళు కొద్దిమంది. గెలుస్తానని హామీ అడిగేవాళ్ళకు లేదని చెప్పి వాళ్ళ మొహం చూడండి, లేచి వెళ్ళిపోతే మంచిదే. దావా వేయడానికి కాలపరిమితి రేపటితో అయిపోతుందంటూ సాయంత్రం వచ్చేవాళ్ళ విషయంలో మాత్రం నా దగ్గర ఒకే జవాబు లేదు. మీకు చేతనైన పనైతే రాత్రంతా కూర్చుని వేయండి. కాకపోతే అరగంట కూడా ఆలస్యం చేయకుండా చేతనైనవాళ్ళ దగ్గరికి పంపండి. మధ్యలో "చూద్దాం" అనడం ఒక్కటే తప్పు. కాదన్న ప్రతిసారీ కాదన్నట్టు రాతపూర్వకంగా పంపండి, గడువు సంగతి వెంటనే ఎవరినైనా లాయరును అడగమని అందులో ఒక వాక్యం చేర్చండి.

మీ స్నేహితురాలి సంగతి. అద్దె చెరిసగం బాగానే ఉంది, బోర్డు మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేయడమే నాకు నచ్చలేదు. బయటివాళ్ళు దాన్ని చూసి మీరిద్దరూ భాగస్వాములనుకుంటారు. భాగస్వాములమన్నట్టు లోకానికి కనిపించి, దాన్ని నమ్మి ఎవరైనా నష్టపోతే, మీ మధ్య ఒప్పందం లేకపోయినా ఆ బాధ్యత మీ మీద పడవచ్చు. ఇంకా ఉంది. ఆమె క్లయింటుకు ఎదుటి పక్షం మీ దగ్గరికి వస్తే ఏం చేస్తారు? ఒకే ప్రింటర్, ఒకే అల్మరా, ఒకే ఫోన్ ఉన్నచోట రహస్యం ఎలా నిలుస్తుంది? కలిసి ఉండాలంటే నిజంగానే భాగస్వాములు కండి. ఎవరి పని ఎవరిది, విడిపోతే ఫైళ్ళు ఎవరివి, ఒకరికి ఉద్యోగం వస్తే రెండోవాళ్ళ అద్దె సంగతేమిటి, ఇవన్నీ రాసుకోండి. లేదంటే విడివిడిగా ఉండి, ఒకరి ముసాయిదాలు ఒకరు చూసుకోండి. ఇద్దరూ కొత్తవాళ్ళే కాబట్టి మీ సీనియర్ స్థానంలోకి ఆమె రాలేదు గానీ, అచ్చు తప్పులూ అతకని తేదీలూ పట్టుకోవడానికి రెండో జత కళ్ళు చాలు. ప్రస్తుతానికి ఇంట్లో తలుపు వేసుకోగల గది ఒకటుంటే అది సరిపోతుంది. క్లయింటును కలవడానికి గంటల లెక్కన అద్దెకు దొరికే గదులున్నాయి. నలుగురూ వినే హోటల్ బల్లల దగ్గర మాత్రం కేసు మాట్లాడకండి.

మొదటి రోజునుంచే పెట్టుకోవలసిన అలవాట్లు కొన్ని ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. లాయర్ల మీద వచ్చే పరిహార దావాల్లో గడువు దాటిపోవడం ఎప్పుడూ కనిపించే కారణం. ప్రతి గడువునూ రెండుచోట్ల రాయండి, ఒకటి కాగితం మీద, ఒకటి ఫోన్‌లో. అసలు తేదీతోపాటు వారం ముందు తేదీ కూడా వేసుకోండి. సలహా కోసం వచ్చినవాళ్ళ పేరు, వాళ్ళ ఎదుటివాళ్ళ పేరు, కేసు తీసుకున్నా తీసుకోకపోయినా ఒక జాబితాలో ఎక్కించండి. కొత్తవాళ్ళతో వివరాలు మాట్లాడేముందు అందులో వెతకండి. క్లయింటు ఇచ్చిన కోర్టు ఫీజు, పరిహారం కింద వచ్చిన సొమ్ము మీ ఇంటి ఖాతాలోకి ఒక్క రాత్రికి కూడా రాకూడదు. వేరే ఖాతా, వేరే లెక్క. లాయర్ల లైసెన్సులు పోవడానికి వాదన రాకపోవడం కంటే ఇది పెద్ద కారణం. వృత్తి బాధ్యత బీమా ఇంగ్లండులో సొలిసిటర్ల సంస్థలకు తప్పనిసరి, చాలాచోట్ల కాదు. తప్పనిసరి కానిచోట కూడా దొరికితే తీసుకోండి. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని భారత సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది. దాన్ని చూసి ధీమా పడినవాళ్ళను నేను విన్నాను. సివిల్ కోర్టులో దావా, బార్ క్రమశిక్షణ చర్య ఎక్కడికీ పోలేదు.

ప్రచారం గురించి రెండు ముక్కలు. భారతదేశంలో లాయరు ప్రకటనలు ఇచ్చుకోవడం వృత్తి నియమాలకు విరుద్ధం. అమెరికాలోనూ 1977లో బేట్స్ కేసులో సుప్రీంకోర్టు తలుపు తెరిచేదాకా చాలావరకు అంతే. అనుమతి ఉన్నచోట కూడా మీ డబ్బు దానిమీద పెట్టకండి. మీతో చదివినవాళ్ళకు, పాత సహోద్యోగులకు, తెలిసిన అకౌంటెంట్లకు మీరు ఏ రెండు రకాల పనులు చేస్తున్నారో ఒక్కొక్కరికీ విడిగా చెప్పండి. "ప్రాక్టీసు పెట్టాను" అంటే అభినందించి మరిచిపోతారు. "ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే కాగితాలు చదివిపెడుతున్నాను" అంటే, అలాంటి మనిషి తగిలినప్పుడు మీరు గుర్తుకొస్తారు.

డబ్బు లెక్కకు వద్దాం. ఆరు నెలలు చాలవు. ఇవాళ వచ్చిన కేసు డబ్బై చేతికి రావడానికే కొన్ని నెలలు పడుతుంది. మీవారు ఆగమనడంలోని న్యాయం ఇక్కడుంది. కానీ ఊరికే ఆగితే ఆ ఆరు నెలలూ ఎలాగూ ఖర్చయిపోతాయి కదా. ఇతర లాయర్లకు రాసిపెట్టే పని, వారానికి కొన్ని గంటలు లా పాఠాలు చెప్పడం, పెద్ద సంస్థలు గుత్తకిచ్చే పత్రాల పరిశీలన, వీటిలో ఏదో ఒకటి ఇంటి ఖర్చులో సగమైనా మోస్తే ఆరు నెలలు ఏడాది అవుతాయి. ఆ ఆసరా కుదిరేదాకా ప్రాక్టీసు పెట్టానని ప్రకటించకండి. కుదిరాక ఆలస్యం చేయకండి.

దరఖాస్తులు మానకండి. వారంలో ఒక పూట వాటికి కేటాయించి మిగతా రోజుల్లో ఆ ఊసెత్తకండి. ఇందాక త్వరగా తేలే పని అన్నది ఇందుకే. ఏడాదిలో ఉద్యోగం వస్తే వెళ్ళిపోవాలనుకుంటున్న లాయరు పదేళ్ళు నడిచే ఆస్తి దావా తీసుకోకూడదు. మీరు చేరబోయే సంస్థకు ఆ కేసులో ఎదుటి పక్షం క్లయింటే కావచ్చు. మధ్యలో వదిలేస్తే నష్టపోయేది మిమ్మల్ని నమ్మినవాళ్ళు. మొదటి ఏడాది అభిప్రాయాలు, నోటీసులు, ఒప్పందాలు, రాజీలు తీసుకోండి. పెద్ద దావా వస్తే మీ సీనియర్‌కు అప్పగించి, ఆయన కింద పనిచేయండి. ఆయన గీతలు కొట్టడం కూడా అప్పుడు ఊరికే దొరుకుతుంది.

"ఏమీ దొరక్క పెట్టుకుంది" అనుకుంటారేమోనన్నారు. కొందరు అనుకుంటారు. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్ళు అడిగేది మాత్రం ఈ ఏడాదిలో ఏం చేశారని. "దరఖాస్తులు పెట్టాను" అనేవాళ్ళ పక్కన, పేర్లు తీసేసిన పది ముసాయిదాలు, బాకీ వసూలైన నాలుగు నోటీసులు చూపించి, ఒక క్లయింటును ఎందుకు కాదన్నారో చెప్పగలిగిన మనిషి కూర్చుంటే ఎవరిని తీసుకుంటారో మీకే తెలుసు. సంస్థలో మూడేళ్ళు పనిచేసినా క్లయింటుతో నేరుగా ఫీజు మాట్లాడనివాళ్ళు ఉంటారు.

చివరగా, ఆపాలా వద్దా అని చూసుకునే తేదీ ఒకటి ఇప్పుడే రాసిపెట్టుకోండి. మొదలైన ఏడాదికి అనుకుందాం. ఆ రోజు మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని మూడు అంకెలు తీయండి: చేతికి వచ్చిన ఫీజు, రావలసి ఆగిపోయిన ఫీజు, పాత క్లయింటు చెబితే వచ్చిన కొత్త క్లయింట్లు. మొదటిది తక్కువగా ఉన్నా మూడోది పెరుగుతుంటే ఇంకో ఏడాది నడపండి. రెండోది మొదటిదాన్ని మించిపోతే మీకు కేసులున్నాయి గానీ ప్రాక్టీసు లేదు, ఫీజు పద్ధతి మార్చకుండా ముందుకు వెళ్ళకండి. వచ్చిన డబ్బులో ముప్పాతిక ఒకే సీనియర్ లాయరు ఇచ్చిన పనిదైతే, మీరు నడుపుతున్నది సొంత ప్రాక్టీసు కాదు, ఆయన దగ్గర జూనియర్‌గా ఉన్నారు. అప్పుడు ఆయన్నే అడగండి, జీతమిచ్చి పెట్టుకుంటారా అని.